ఉడతల మీద నేను లాగిన తాడు

గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదని మా ఆవిడ దయామణి తప్ప అందరూ ఒప్పుకుంటారు. అందుకే ఈ సంగతి ఆమె పక్కన లేనప్పుడు చెబుతున్నాను.

ఎనభై నాలుగో సంవత్సరం. నేను నరసరావుపేట బస్టాండులో కంట్రోలర్ని. మాచర్ల బస్సు ఏ నిమిషానికి కదలాలో, వినుకొండ బస్సు ఎక్కడ ఆగాలో నేను చెబితేనే జరిగేది. ఆరడుగుల డ్రైవర్లు కూడా నా విజిల్ వింటే టీ గ్లాసు సగంలో వదిలేసి లేచేవారు. డిపోలో నాకు 'రైట్ రైట్ ప్రభాకరం' అని పేరు. ఇంట్లో మాత్రం నేనెంత విజిల్ వేసినా ఒక్క చెంచా కూడా కదిలేది కాదు.

బరంపేటలో మాది రెండు గదుల ఇల్లు. వెనక వంటిల్లు, దాని వెనక రెండు సెంట్ల దొడ్డి, చుట్టూ నాపరాళ్ల గోడ. ఆ దొడ్డిలో నేను కూరగాయలు పండించడానికి కారణం వంకాయలు. ఒక రోజు మార్కెట్టు నుంచి రెండు కిలోలు ఏరి తెచ్చాను. దయామణి కోస్తే ప్రతి కాయలోనూ పురుగే.

"వీటిని మీరు ఏరారా, అవే మిమ్మల్ని ఏరుకున్నయ్యా?" అని అడిగింది.

మగవాడన్నవాడు ఇలాంటి మాట పడ్డాక ఊరుకోలేడు. ఇక మన ఇంట్లో వండే కూర మన దొడ్డిలో కాసిందే అని ప్రకటించాను. ఆ దొడ్డిలో రాళ్లు తప్ప ఏమీ లేవని ఆమె గుర్తుచేసింది. ఆ మాట నిజమే. నేను గడ్డపార పట్టుకుని తవ్విన మొదటి నెలలో నా దిగుబడి అంతా రాళ్లే. వాటినే మళ్ల చుట్టూ గట్లుగా పేర్చాను. చూసినవాళ్లు ఎవరి సమాధి అని అడిగారు కానీ నేను పట్టించుకోలేదు.

సంక్రాంతి సెలవుల రద్దీ తగ్గేసరికి నా టమాటా మొక్కలు నడుం ఎత్తు లేచాయి. గుత్తులు గుత్తులుగా కాయలు. నా చేత్తో పెట్టిన మొక్క, నేను డ్యూటీ నుంచి వచ్చి మోసి పోసిన నీళ్లు. ఆ కాయల్ని చూస్తే నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు దొడ్డిలోకి తీసుకెళ్లేవాణ్ణి. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన కూడా ముందు నా టమాటాలు చూసి, తర్వాతే మీటరు చూశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మా చర్చి సంఘంలో ఏటా మార్చి మొదటి ఆదివారం కోతల పండుగ. ఎవరి పంటలో వాళ్లు మేలైనది తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెట్టి దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాం. పై మెట్టు మీద ఎప్పుడూ సంఘ పెద్ద పెదకోటయ్య గారి బుట్టే ఉంటుంది. ఆయనకు రొంపిచెర్లలో పొలం ఉంది. పాస్టరు గారి ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే ఈయన ఆమెన్ అనేస్తాడు కాబట్టి కుర్రకారు ఆయన్ను 'ఆమెన్ కోటయ్య' అంటారు. మేము మాత్రం ఏటా మార్కెట్టులో ఒక గుమ్మడికాయ కొని, కింది మెట్టు మీద ఒక మూలగా పెట్టి తలొంచుకుని వచ్చేవాళ్లం.

జనవరి ఆఖరి ఆదివారం ఆరాధన అయిపోయాక ప్రకటనలు చదువుతుంటే నేను లేచి నిలబడ్డాను. ఈ ఏడు మా ఇంటి కానుక మా దొడ్లో, నా చేతులతో పండించిన గంపెడు టమాటాలు అని చెప్పాను. నాది బస్టాండు గొంతు. మైకు లేకపోయినా వీధి చివర దాకా వినబడింది. పెదకోటయ్య గారు వెనక్కి తిరిగి నావంక చూసి, తొందరపడకుండా, చాలా నెమ్మదిగా ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్‌లో నాకు 'చూద్దాం' అని వినబడింది.

ఇంటికి వచ్చాక దయామణి అంది: "ఇంకా పచ్చిగానే ఉన్నయ్. పండినాక చెప్పొచ్చుగా?"

"దేవుడి ముందు మాటిచ్చానే."

"దేవుడికి చెప్తే ఇబ్బంది లేదండీ. మీరు పెదకోటయ్య గారికి చెప్పారు."

ఆ వారంలోనే మొదటి టమాటా ఎర్రబడింది. మర్నాడు కోద్దామని ముహూర్తం పెట్టుకున్నాను. మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఆ కాయకు ఒక పక్క గుంట. లోపలి రసమంతా ఎవరో పీల్చి, కండ మాత్రం మర్యాదగా తొడిమెకే వదిలేసి వెళ్లారు. నాపరాళ్ల గోడ మీద ఒక ఉడత మూతి తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

మర్నాడు రెండు కాయలు పోయాయి. ఆ మర్నాడు ఎన్ని పోయాయో చెప్పే ధైర్యం నాకు లేదు. ఏ ఒక్కటీ పూర్తిగా తినవు. ప్రతిదానికీ ఒక గాటు పెట్టి పక్కదానికి పోతాయి. నాకు కోపం తెప్పించింది అదే. తింటే ఆకలనుకుంటాం. ఇది నన్ను అవమానించడం కాక ఇంకేమిటి?

నాలుగు రోజుల్లో నేను వాటిని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మొత్తం మూడు. తోక కొస వంకర తిరిగినది అన్నిటికంటే ముందు వచ్చి ముందు పోయేది, దానికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టాను. లావుపాటిది ఆర్డినరీ. మూడోది ఎక్కడా ఆగకుండా గోడ ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేది, అది నాన్‌స్టాప్. రోజూ ముప్పై బస్సుల్ని వేళకు పంపించే నాకు ఈ మూడింటినీ పంపించడం ఒక లెక్కా అనుకున్నాను.

మొదట బెదురుబొమ్మ కట్టాను. పాత ఖాకీ చొక్కా, నిక్కర్లోకి గడ్డి కుక్కి, తలకు కుండ పెట్టి, దాని మీద నా పాత టోపీ. పనితనం ఎంత బాగా కుదిరిందంటే పక్కింటి తిరుపతమ్మత్త గోడ మీదుగా దాన్ని చూసి మాచర్లకు ఆఖరి బస్సు ఎన్నింటికి అని అడిగింది. జవాబు రాకపోయేసరికి రెండోసారి గట్టిగా అడిగింది. ఆ తర్వాత మా ఆవిడ దగ్గరకు వచ్చి, ప్రభాకరానికి ఈ మధ్య తలకెక్కింది, పెద్దదాన్ని పలకరిస్తే పలకటం లేదని ఫిర్యాదు చేసింది.

"అది బొమ్మ అత్తా. ఆయన కాదు," అంది దయామణి.

"నిజంగా బొమ్మేనా? పనిచేస్తన్నట్టే ఉంటేను, అతనే అనుకున్నా."

ఈ మాటలో నాకు మెప్పు ఎంత ఉందో, దెప్పు ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఉడతలకు మాత్రం బొమ్మ బాగా నచ్చింది. మూడో రోజుకు నాన్‌స్టాప్ చొక్కా జేబులోంచి గడ్డి పీకి గూటికి మోసుకుపోవడం మొదలుపెట్టింది. ఎక్స్‌ప్రెస్ నా టోపీ మీద కూర్చుని నా టమాటా తింది. పన్నెండేళ్ల సర్వీసులో ఆ టోపీకి అంత అగౌరవం ఎన్నడూ జరగలేదు.

రాయి తీశాను. గోడవతల నుంచి తిరుపతమ్మత్త వెంటనే తల ఎత్తింది. రాములవారు వీపు నిమిరిన జీవాలు అవి, వాటి మీద దెబ్బ పడితే తాను ఊరుకోనని చెప్పింది. మీ రాములవారు నిమిరితే నిమిరారు, నా టమాటాలు తినమని చెప్పారా అని నేను అడిగాను. అడిగింది మెల్లగానే. రాయి కూడా మెల్లగానే కింద పెట్టాను.

తర్వాతిది కారం. మనది గుంటూరు జిల్లా. ఈ ఆయుధం మన చేతిలో పెట్టుకుని ఎందుకు బాధపడాలనిపించింది. కొత్త కారం అరవీశ తీసుకుని, ముఖానికి తువాలు చుట్టుకుని, ఒక ఆదివారం సాయంత్రం మొక్కల మీద బాగా దులిపాను. ఆ సాయంత్రం పడమటి గాలి వీస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ముందు దయామణి తుమ్మింది. తర్వాత తిరుపతమ్మత్త, ఆమె గేదె, ఆపైన వీధి మొత్తం తుమ్మింది. ఆ వేళకే కుటుంబ ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చిన పాస్టరు గారు కళ్లు మూసుకుని 'కృపగల తండ్రీ' అని మొదలుపెట్టారు కానీ తండ్రి దాటి ముందుకు పోలేకపోయారు. ప్రతి తుమ్ముకూ ఆయన వెంట వచ్చిన పెదకోటయ్య గారు అలవాటుగా ఆమెన్ అంటూ వచ్చారు. తీగ మీద ఆరేసిన బట్టలన్నీ దయామణి మళ్లీ ఉతికింది. ఉతికినా నా బనీను ఒకటి రెండు రోజులపాటు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఉడతలు వచ్చాయి. కారం ఉన్న టమాటాలనే తిన్నాయి. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన ఉడతల్ని కారంతో బెదిరించాలనుకోవడం నాదే పొరపాటు.

అప్పటికి పండుగకు ఇరవై రోజులుంది. పండుతున్న కాయ పండుతున్నట్టే పోతోంది. బస్టాండులో పెదకోటయ్య గారు రొంపిచెర్ల బస్సు ఎక్కబోతూ, గంప పెద్దదే తెస్తున్నావా ప్రభాకరం అని అడిగారు. పెద్దదే అన్నాను. గంప వరకు అది నిజమే.

మూడో ఉపాయానికి ఎలుకల బోను తెచ్చాను. లోపల వేయించిన వేరుశనక్కాయలు పెట్టాను. రెండో రోజునే ఒకటి పడింది. నా ఆనందం మీకు చెప్పలేను. దాని తోక వంకరగా ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఎక్స్‌ప్రెస్ దొరికింది. ముందుండేది దొరికితే మిగతావి వాటంతటవే పోతాయి. తిరుపతమ్మత్త చెప్పినట్టు దెబ్బ పడకుండా రొంపిచెర్ల అవతల వదిలిపెట్టి వద్దామని బోను మీద తువాలు కప్పి, మధ్యాహ్నం బస్సు ఎక్కాను.

"ఏందది సార్?" అని కండక్టరు అడిగాడు.

సామాను అన్నాను. సామాను కిచకిచమంది. కండక్టరు మంచివాడు, పైగా నా విజిలుతో బతికేవాడు. ఇంకేమీ అడగలేదు.

సంతగుడిపాడు దాటాక ఒక గతుకులో బస్సు ఎగిరింది. బోను తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత జరిగిందంతా నేను చాలా హుందాగా చెప్పాలనుకుంటాను కానీ కుదరదు. ఉడత ముందు ఒక పెద్దాయన తలపాగా మీదకు, అక్కడినుంచి లగేజీ రాక్ మీదకు, అక్కడినుంచి ఒకామె శనక్కాయల మూటలోకి దూకింది. ఆడవాళ్లు సీట్ల మీదకు ఎక్కారు. మగవాళ్లు ఆడవాళ్ల వెనక ఎక్కారు. పాము అని ఎవరో అన్నారు. డ్రైవరు బ్రేకు వేశాడు. యూనిఫాంలో ఉన్న ఒక కంట్రోలరు సీట్ల కింద మోకాళ్ల మీద పాకుతూ ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అని పిలవడం, ఇది ఆర్డినరీ బస్సే అని ఒక ముసలామె అతనికి నచ్చచెప్పడం ఆ రూటులో అదే మొదటిసారి, చివరిసారి.

తలుపు తీయగానే ఉడత దిగిపోయింది. కండక్టరు అలవాటుగా రైట్ అన్నాడు. ఏమైతేనేం, పని పూర్తయింది. తిరుగు బస్సులో నేను తల ఎత్తుకునే వచ్చాను.

దొడ్లోకి వచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ టమాటా మడిలో ఉంది. తోక వంకర సాక్షిగా అదే.

"ఇది నాకంటే ముందు ఎట్లా వచ్చిందే?" అన్నాను.

"ఇది అసలు పోతేగా? మీరు పట్టుకెళ్లింది దారిన పోయే ఇంకోదాన్ని. మీరు సందు మలుపు తిరిగేదాకా ఇది గోడ మీద కూర్చుని మిమ్మల్నే చూసింది."

అప్పుడు నాకు అసలైన ఆలోచన వచ్చింది. ఏ గొప్ప పనికైనా ముందు కొన్ని చిన్న ఓటములు ఉంటాయి. డిపో వెనక పారేసిన ఖాళీ గ్రీజు డబ్బాలు ఆరు తెచ్చాను. వాటిలో గులకరాళ్లు వేసి టమాటా కర్రలకు కట్టాను. అన్నిటినీ కలిపి ఒక కొబ్బరి తాడు. ఆ తాడు వంటింటి గోడ వెంట వచ్చి, కిటికీ పక్కనుంచి నడిచి, మధ్య గది వెంటిలేటరు గుండా ముందు గదిలో నా మంచం కోడుకు చేరింది. పడుకున్న చోటు నుంచి లాగితే చాలు, దొడ్డంతా దడదడలాడుతుంది. ఇంజినీరింగు చదవకుండానే ఈ పని చేసినందుకు నన్ను నేను చాలాసేపు మెచ్చుకున్నాను.

పొద్దున్నే డ్యూటీకి లేచే ముందు లాగేవాణ్ణి. మధ్యాహ్నం వచ్చి భోంచేసి నడుం వాల్చి లాగేవాణ్ణి. మధ్యలో కునుకు పట్టి మెలకువ వచ్చినా లాగేవాణ్ణి. మొదటి రెండు రోజులూ ఉడతలు నిజంగానే చెల్లాచెదురయ్యాయి. మూడో రోజు నుంచి దడదడ కాస్త తగ్గి లోగొంతుతో వినబడింది కానీ ఫలితం మాత్రం అద్భుతం. ఆ వారంలో గాటు పడిన కాయలు రెండే. ఆ పై వారం ఒక్కటీ లేదు. నా మొక్కలకు ఎర్రటి కాయలు నిండుగా వేలాడాయి.

దొడ్లో ఇంకో రెండు మార్పులు జరిగిన మాట నేను గమనించకపోలేదు. పండబోయే గుత్తులకు దయామణి పాత రవికల గుడ్డతో చిన్న చిన్న సంచులు కట్టింది. ఎందుకని అడిగితే ఎండకు అంది. బట్టలుతికే బండ పక్కన, గోడ మీద ఒక మట్టి మూకుడులో నీళ్లు, ఇంకో చిప్పలో నానిన జొన్నలు పెట్టింది. తిరుపతమ్మత్త కోళ్లకనుకున్నాను. తాడు లాగే మనిషికి ఇలాంటి చిన్న విషయాలు ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది?

పండుగ రోజు వచ్చింది. నేను ఆ గంపను సైకిలు మీద పెట్టుకోలేదు. నెత్తిన పెట్టుకుని, వీధంతా చూసేలా నడిచి వెళ్లాను. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఒక్క మచ్చ లేని టమాటాలు. పాస్టరు గారు వాటిని చూసి స్వయంగా పై మెట్టు మీద పెట్టించారు. పెదకోటయ్య గారి వంకాయల బుట్ట ఒక మెట్టు కిందికి దిగింది. ఆ క్షణంలో నేను దేవుడికి స్తోత్రం చెప్పానో, నాకు నేను చెప్పుకున్నానో సరిగ్గా గుర్తులేదు.

సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. మూడు ఉడతలు మొదలుకుని తాడు దాకా అన్నీ చెప్పాను. బెదురుబొమ్మ, కారం, బస్సు సంగతులు మాత్రం సమయం చాలదని వదిలేశాను. తాడు ఎంత పొడవు, ముడి ఎలా వేయాలి, ఎంత జోరుగా లాగాలి అన్నది చేతులతో చూపించాను. స్త్రీల వరుసలో కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భక్తితో అనుకున్నాను. దయామణి మాత్రం వంట ఉందని ఆశీర్వాదం కాగానే ముందే వెళ్లిపోయింది.

పెదకోటయ్య గారు నా దగ్గరకు వచ్చారు. ఓడినవాడి ముఖంలా లేదు, నిజంగా కష్టంలో ఉన్న రైతు ముఖం. "మా చేలో కూరమళ్లన్నీ ఉడతలు నాశనం చేస్తన్నయ్ ప్రభాకరం. ఆ తాడేందో ఒకసారి చూపిస్తావా?" అన్నారు.

అంతటి మనిషి నన్ను అడిగారు. ఆ నిమిషానే రమ్మన్నాను. పాస్టరు గారూ వచ్చారు. వాళ్లతోపాటు మరో పది మంది దాకా. పన్నెండింటి ఎండలో మా ఇంటికి ఊరేగింపులా వెళ్లాం.

ఏర్పాటు అంతా నేనే చేశాను. పెదకోటయ్య గారినీ మరికొందరినీ దొడ్లో నిలబెట్టి మొక్కల వంక చూస్తూ ఉండమన్నాను. గోడ మీద మూకుడు దగ్గర రెండు ఉడతలు కూడా ఉన్నాయి, అదృష్టం ఎలా కలిసివచ్చిందో చూడండి. పాస్టరు గారు ముందు గదిలో నా పక్కన నిలబడ్డారు. తాడు మంచానికే ఉంది కాబట్టి ఇస్త్రీ బట్టలతో మంచం మీద పడుకున్నాను. పడుకుంటేనే పట్టు బాగా కుదురుతుంది. సిద్ధమా అని కేకేసి, బలంకొద్దీ మూడుసార్లు లాగాను.

దడదడ శబ్దం వచ్చింది. వచ్చింది వంటింట్లోంచి.

దాని వెనకే దయామణి గొంతు వినబడింది: "లేచారా? మొహం కడుక్కోండి, కాఫీ తెస్తన్నా."

నేను అర్థం కాక మళ్లీ లాగాను. "తెస్తన్నానండీ, డికాషను దిగనీయండి," అంది.

పాస్టరు గారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఈలోగా దయామణి గ్లాసు పట్టుకుని మధ్య గది గడప దాకా వచ్చి, లోపల పాస్టరు గారినీ, మంచం మీద బిగుసుకుని ఉన్న నన్నూ చూసి అక్కడే ఆగిపోయింది. దొడ్లోంచి పెదకోటయ్య గారు వచ్చి, ఉడతలు నీళ్లు తాగుతున్నాయని, తల కూడా ఎత్తలేదని సమాచారం ఇచ్చారు.

ఆకుల చాటున ఉన్నాయనుకున్న డబ్బాలు ఏవని అడిగాను. దయామణి గ్లాసు పక్కన పెట్టింది. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. నేను లాగిన రెండో రోజే ఒక డబ్బా తెగి పడి మంచి కొమ్మ ఒకటి విరిగిందట. నాకు చెబితే ఇంకో నాలుగు డబ్బాలు కడతానేమోనని భయపడి, తాడును వంటింటి కిటికీ దగ్గర కోసి, డబ్బాలను ఆ కొసకే కట్టి కిటికీ చువ్వకు లోపలివైపు వేలాడదీసిందట.

"ఊరికే ఎందుకని, అవి మోగితే ఈయన లేచారని గుర్తు పెట్టుకుని కాఫీ నీళ్లు పడేస్తన్నా," అంది.

మెలకువ రాగానే కాఫీ ఎంత వేళకు వస్తోందో అని ఆ రెండు వారాలూ నేను ఆశ్చర్యపోతూనే ఉన్నాను. అది నా పెత్తనం వల్లే అనుకున్నాను.

"మరి ఉడతలు ఎట్టా ఆగినయ్యమ్మా?" అని పెదకోటయ్య గారు అడిగారు.

ఇక్కడ ఆమె నా వంక ఒకసారి చూసింది. చెప్పనా అన్నట్టు. నేను మంచం మీద లేచి కూర్చుని చెప్పమన్నట్టు తలూపాను.

నేను డ్యూటీకి వెళ్లాక ఆమె రోజూ వంటింటి గుమ్మంలో కూర్చుని, బియ్యం ఏరుకుంటూనో, పప్పు బాగుచేసుకుంటూనో ఆ ఉడతల్ని చూసిందట. అవి పొద్దున్న చల్లటి వేళ టమాటాల జోలికి రావు. ఎండ ముదిరాకే వస్తాయి. వచ్చి గాటు పెట్టి రసం పీల్చి, కండ వదిలేసి ఇంకో కాయకు పోతాయి. తిరుపతమ్మత్త గేదె కుడితి తొట్టి ఎండిపోయిన రోజున ఇంకా ఎక్కువ కాయలు పోతాయి.

"అవి ఆకలికి రాలేదండీ, దప్పికకొచ్చినయ్," అంది. "ఈ ఎండల్లో వాటికి నీళ్లు యాడున్నయ్? అందుకని గోడ మీద నీళ్లు పెట్టా. పండే కాయ కంటబడకుండా గుడ్డ కట్టా. నాలుగు రోజులకి అలవాటు పడినయ్. దప్పిక సంగతి మన పల్నాటోళ్లకి ఇంకొకరు చెప్పాలా?"

పెదకోటయ్య గారు ఆమెన్ అన్నారు. ఈసారి ప్రార్థన పూర్తయ్యాకే అన్నట్టుగా, చాలా నిజంగా అన్నారు. ఆ తర్వాత మూకుడు ఎంత లోతుండాలి, మొక్కలకు ఎంత దూరంలో పెట్టాలి, గుడ్డ పల్చగా ఉండాలా మందంగానా అని అడగడం మొదలుపెట్టారు. ఆమె ఆయన్ను దొడ్లోకి తీసుకెళ్లి చూపించింది. మూకుడు లోతుగా ఉంటే పిల్ల ఉడతలు పడి చస్తాయని లోపల ఒక గులకరాయి వేసింది. నీళ్లు పొద్దున్నే మారుస్తోంది. పిందె పట్టినప్పుడు కాదు, రంగు తిరిగే ముందు గుడ్డ కడుతోంది. ఇవన్నీ నా దొడ్లో, నా కళ్ల ముందు జరిగాయి. నేను ఆ మంది వెనక నిలబడి విన్నాను.

మొదట చెవులు వేడెక్కిన మాట నిజం. గంట క్రితమే సంఘం మొత్తానికి తాడు ముడి నేర్పించాను. స్త్రీల వరుసలో కొంగులు ఎందుకు అడ్డం పెట్టుకున్నారో కూడా అప్పుడే తెలిసింది. బుధవారం స్త్రీల సమాజంలో దయామణి ఈ మూకుడు సంగతి వాళ్లందరికీ ఎప్పుడో చెప్పేసిందట. కానీ చూడండి, పదకొండేళ్లు కాపురం చేసి ఆ మనిషి అంతమంది మధ్య నిలబడి అంత తేటగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. పెదకోటయ్య గారు చేతులు కట్టుకుని వింటున్నారు. పాస్టరు గారు జేబులోంచి కాగితం తీసి రాసుకుంటున్నారు. నా ఛాతీ మళ్లీ రెండంగుళాలు పెరిగింది. ఆపుదామన్నా ఆగలేదు.

అందరూ వెళ్లాక కంచం ముందు కూర్చుని, నాకొక్క మాట చెప్పొచ్చుగా అన్నాను.

"చెబుదామనే అనుకున్నా. మీరేమో పొద్దున్నే తాడు లాగి ఎంత సంబరపడేవాళ్లో. ఆ ముఖం చూసి ఎట్టా చెప్పేది?" అంది.

"గంపను నా పేరు చెప్పి పెట్టానే."

"నాటింది మీరు, నీళ్లు మోసింది మీరు. మీ పేరే. కాపలా ఒక్కటే నాది," అని టమాటా పప్పు ఇంకో గరిటె వడ్డించింది.

పై ఆదివారం ప్రకటనల వేళ నేను మళ్లీ లేచాను. పై మెట్టు మీద పెట్టిన ఆ టమాటాలను కాపాడింది తాడు కాదు, నా భార్య దయామణి అని, వివరాలు కావలసినవాళ్లు ఆమెనే అడగండని చెప్పాను. గొంతు బస్టాండు గొంతే, ఈసారి కూడా వీధి చివర దాకా వినబడింది. ఆమె తల దించుకుని కూర్చుంది. చెవి కమ్మల దాకా నవ్వుతోందని మాత్రం నా వరుస నుంచి కనబడింది.

ఆ వేసవిలో పెదకోటయ్య గారు ఆమెను రొంపిచెర్ల పిలిపించి చేలో నాలుగు మూలలా మూకుళ్లు పెట్టించుకున్నారు. అక్కడినుంచి ఆ మాట శావల్యాపురం పోయింది, బొల్లాపల్లి పోయింది. అంతకుముందు బరంపేటలో ఆమెను కంట్రోలరు గారి భార్య అనేవాళ్లు. ఇప్పుడు నేను ఎవరో చెప్పడానికి ఆమె పేరు చెప్పుకోవలసి వస్తోంది.

మే నెలలో ఒక రోజు నేను బస్టాండులో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. బొల్లాపల్లి బస్సు దిగిన ఒక రైతు, దుమ్ము కొట్టుకున్న తలపాగాతో వచ్చి, ఉడతల దయామణమ్మ గారి ఇల్లు ఎక్కడ అని అడిగాడు. దోసతోట పెట్టాడట, ఉడతలు ఒక్క కాయ మిగల్చడం లేదట.

దారి చెప్పాను. చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను.

"ఆమె మా ఆవిడే," అన్నాను, కుర్చీలో కాస్త ముందుకు జరిగి.

అతను నన్ను టోపీ నుంచి కాళ్ల దాకా చూశాడు. ముఖం విప్పారింది. వెనకున్న తోటివాళ్లను కూడా రమ్మని సైగ చేశాడు.

"అట్టయితే ఆ తాడు లాగే ఆయన మీరేనా అయ్యా?"

కిటికీ అవతల ఐదారు తలలు నా జవాబు కోసం చూస్తున్నాయి. వినుకొండ బస్సుకు విజిల్ వేసే వేళయింది కానీ, విజిల్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"నేనేనయ్యా," అన్నాను.